స్లీవ్ (బరువు తగ్గడానికి పొట్టను చిన్నది చేసే ఆపరేషన్) అయి 20 నెలలు, 89 కిలోల దగ్గర ఆగిపోయాను. ఈ ఒంటితో ఎలా సర్దుకోవాలి?

గోదారిగట్టు (రాజమండ్రి, స్లీవ్, 20 నెలలు)

అందరికీ నమస్కారం. ఏడాదిన్నరగా మీ పోస్టులన్నీ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

నాకు 38 ఏళ్లు. ఎత్తు 160 సెంటీమీటర్లు. ఆపరేషన్ రోజున 132 కిలోలున్నాను, ఇప్పుడు 89. మొదటి ఆరు నెలల్లోనే 30 కిలోలు పోయాయి. ఆ తర్వాత నెమ్మదిగా ఇంకో 13. ఏడు నెలల నుంచి మాత్రం 89, 88.6, 89.3, మళ్లీ 89. రోజూ పొద్దున లేవగానే మెషిన్ ఎక్కుతాను. అంకె కాస్త తగ్గితే ఆ రోజంతా హుషారు. పెరిగితే పిల్లల మీద కూడా విసుక్కుంటాను.

షుగర్ మాత్రలు ఆగిపోయాయి. మోకాళ్లు పట్టేయకుండా మేడ ఎక్కుతున్నాను. ఇంత మేలు జరిగినా ఇంకా ఏడుస్తున్నావేమిటని నన్ను నేనే తిట్టుకుంటాను కూడా. కానీ స్నానం చేసేటప్పుడు కిందికి చూసుకోలేకపోతున్నాను. పొట్ట దగ్గర చర్మం మడత పడి వేలాడుతోంది. చెయ్యి ఎత్తితే జబ్బ కింద చర్మం ఊగుతుంది. లావుగా ఉన్నప్పుడు నా ఒళ్లు నాకు నచ్చేది కాదు, నిజమే. కానీ అది నాకు తెలిసిన ఒళ్లు. ఇది ఎవరిదో తెచ్చి నాకు తగిలించినట్టుంది.

ఆయన పీఎఫ్ డబ్బులు తీసి ఆపరేషన్ చేయించారు. ఒక్క మాట కూడా అనలేదు ఇప్పటిదాకా. మొన్న ఒక ఫంక్షన్‌లో మా మేనత్త మాత్రం పదిమందిలో అడిగేసింది, "అంత డబ్బు పోసి కోయించుకున్నా ఇంతేనా తగ్గింది?" అని. నేను 65కి వస్తానని అందరికీ చెప్పుకున్నాను మరి.

అసలు ఇది రాయడానికి కారణం వేరే ఉంది. ఐదు వారాల్లో మా ఆడపడుచు కూతురి పెళ్లి. జాకెట్టు కొలతలిస్తూ, "రెండంగుళాలు తగ్గించి కుట్టమ్మా, పెళ్లి నాటికి సన్నబడతాను" అన్నాను. ఆవిడ టేపు మెడలో వేసుకుని, "పోయినసారి కూడా అలాగే చెప్పారమ్మా, ఆ జాకెట్టు ఒక్కసారైనా వేసుకున్నారా?" అని అడిగింది. వేసుకోలేదు. బీరువాలో అలాంటివి ఆరున్నాయి. ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను.

మీలో ఎవరైనా ఈ దశ దాటారా? ఎలా దాటారు?

---

కాకతీయ తోరణం (వరంగల్, గ్యాస్ట్రిక్ బైపాస్, 6 ఏళ్లు)

చెల్లే, ముందుగా ఒక లెక్క చెప్తాను. ఇది ఎవరూ విడమరిచి చెప్పరు. నాకూ చెప్పలేదు.

ఆపరేషన్‌కు ముందు డాక్టర్లు "60 నుంచి 70 శాతం పోతుంది" అంటారు. మనం మొత్తం బరువులో అనుకుంటాం. వాళ్లు చెప్పేది అదనపు బరువు గురించి. మీ ఎత్తుకు బీఎంఐ (ఎత్తును బట్టి బరువు చూసే లెక్క) 25 అంటే 64 కిలోలు, దాన్నే మామూలు బరువుగా తీసుకుంటారు. 132లోంచి 64 తీసేస్తే అదనంగా ఉన్నది 68. అందులో 43 పోయాయి, అంటే 63 శాతం. వాళ్లు చెప్పిన లెక్కలోనే ఉన్నారు మీరు. మొత్తం బరువులో చూసినా దాదాపు మూడో వంతు పోయింది. 65 అనే అంకె మీకు ఎవరు చెప్పారో గుర్తు తెచ్చుకోండి. నా విషయంలో ఎవరూ చెప్పలేదు. ఎత్తు, బరువు పట్టిక ఒకటి చూసి నేనే పెట్టుకున్నాను.

స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి ఏళ్ల తరబడి నడిపిన పెద్ద అధ్యయనం ఒకటుంది. అందులో నాలాగా బైపాస్ (పొట్టను చిన్నది చేసి పేగుకు కలిపే ఆపరేషన్) చేయించుకున్నవాళ్లు మొదటి ఒకటి రెండేళ్లలో సగటున 32 శాతం తగ్గారు. పదేళ్లకు 25 శాతం దగ్గర నిలిచారు. అంటే కొంత వెనక్కి రావడం కూడా మామూలే. నేను 148 నుంచి 96 దాకా వచ్చి, ఇప్పుడు 103 దగ్గరున్నాను. ఆ ఏడు కిలోల కోసం రెండేళ్లు నిద్ర పాడుచేసుకున్నాను.

ఒళ్లు ఎవరిదోలా ఉందన్నారు కదా. నాకు ఇప్పటికీ ఆర్టీసీ బస్సు ఎక్కితే సీట్ల మధ్యలో పక్కకు తిరిగి నడవడమే అలవాటు. ఆరేళ్లయింది, నేరుగా నడిచినా సందు సరిపోతుందని కాళ్లకు తెలియడం లేదు. కొత్త కుర్చీ కనిపిస్తే ముందు దాని కాళ్ల వైపు చూస్తాను. ఒళ్లు తగ్గినంత వేగంగా మనసులో ఉన్న బొమ్మ తగ్గదు. ఇది మీ ఒక్కరికే కాదు.

---

చింతచిగురు (గుంటూరు, డైటీషియన్)

గోదారిగట్టు గారూ, బరువు ఎందుకు ఆగుతుందో కాస్త చెప్తాను. తెలిస్తే తప్పంతా మీదేనన్న భావం కొంత తగ్గుతుంది.

స్లీవ్‌లో పొట్టలో 75 నుంచి 80 శాతం తీసేస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యే పైభాగం కూడా అందులోనే పోతుంది. అందుకే మొదట్లో ఆకలే ఉండదు. మొదటి ఆరు నెలలు బరువు జోరుగా దిగుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. ఏడాది నుంచి ఏడాదిన్నర మధ్య ఎక్కువమందికి ఆగుతుంది. 132 కిలోల ఒంటికి కూర్చుని ఉన్నా ఖర్చయ్యే శక్తి వేరు, 89 కిలోల ఒంటికి వేరు. పైగా బరువు బాగా తగ్గిన శరీరం లెక్క ప్రకారం ఖర్చు పెట్టాల్సిన దానికన్నా కూడా తక్కువే ఖర్చు పెడుతుంది. కరువు వచ్చిందనుకుని దాచుకుంటుందన్నమాట. కాబట్టి అదే తిండి, అదే నడకతో ఒక చోట తూకం కుదిరిపోతుంది. 20 నెలలకు మీరు ఉన్నది అక్కడే.

అయినా కొన్ని సరిచూసుకోవాలి. రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ అందుతోందా? గుడ్డు ఒకటికి ఆరు గ్రాములే. ఇడ్లీ, ఉప్మాలతో ఆ లెక్కకు చేరలేం. సాయంత్రం జంతికలు, బిస్కెట్లు, మిక్చర్ చేరాయా? ఇవి నోట్లో కరిగిపోయి చిన్న పొట్టలోంచి కూడా తేలిగ్గా జారిపోతాయి, కడుపు నిండినట్టు అనిపించదు. థైరాయిడ్, బీ12, ఐరన్, విటమిన్ డి పరీక్షలు ఎప్పుడు చేయించారు? ఒక వారం తిన్నదంతా కాగితం మీద రాయండి, తక్కువ చేసి రాయకండి.

మెషిన్ మాత్రం రోజూ ఎక్కకండి. ఉప్పు, నెలసరి, మలబద్ధకం, వీటిలో ఏదున్నా కిలో అటూ ఇటూ అవుతుంది.

---

ఎర్రమట్టి దారి (అనంతపురం, స్లీవ్, 5 ఏళ్లు)

నేను కొంచెం వేరుగా చెప్తాను, ఏమీ అనుకోవద్దు. "ఉన్నదాన్ని ఒప్పుకో" అనే మాట నన్ను ముంచింది. రెండో ఏట నేనూ 92 దగ్గర ఆగాను. సరేలే, ఇదే నా బరువు అనుకుని తూచుకోవడం మానేశాను, డాక్టరు దగ్గరికి పోవడం మానేశాను. రెండేళ్ల తర్వాత చూసుకుంటే 106. ఒప్పుకోవడం అన్న పేరుతో నేను చేసింది కళ్లు మూసుకోవడం. అక్కా, మీరు దిగులు పడొద్దు. అలాగని పట్టు కూడా వదలొద్దు.

---

కాకతీయ తోరణం

తమ్ముడూ, నువ్వన్నది కాదనను. అయితే ఆమె పట్టు వదిలేస్తానని ఎక్కడ అన్నది? బీరువాలో ఆరు జాకెట్లు పెట్టుకుని రోజూ మెషిన్ ఎక్కే మనిషి ఆమె. పట్టు ఎక్కువై ఊపిరాడడం లేదు. నీకు చెప్పాల్సిన మాట వేరు, ఆమెకు చెప్పాల్సిన మాట వేరు.

---

ఎర్రమట్టి దారి

అది నిజమే అన్నా. నా భయం కొద్దీ రాశాను.

---

గోదారిగట్టు

అందరికీ దండాలు. 63 శాతం అన్న లెక్క మా ఆయనకు చూపించాను. ఆయన కాగితం మీద తనూ ఒకసారి వేసి చూసుకుని, "అయితే నువ్వు ఫస్ట్ క్లాసులోనే పాసయ్యావు" అన్నారు. 65 ఎవరు చెప్పారని అడిగారు కదా. పెళ్లప్పుడు నా బరువు అది. పద్దెనిమిదేళ్ల కిందటి మాట. ఇద్దరు పిల్లలు పుట్టకముందు.

చింతచిగురు గారూ, నాలుగు రోజులు రాశాను. ప్రొటీన్ 45 గ్రాములు దాటడం లేదు. సాయంత్రం టీతో జంతికలు రోజూ ఉన్నాయి. రాసేదాకా నాకే తెలియలేదు. పరీక్షలు చేయించి ఏడాది దాటింది. ఈ వారం వెళ్తాను.

చర్మం సంగతి ఎవరైనా చెప్తారా? ఆపరేషన్ చేయించుకుంటే ఈ బాధ పోతుందా?

---

సంపంగి (హైదరాబాద్, స్లీవ్, 4 ఏళ్లు)

నేను చేయించుకున్నాను, పొట్టకు. ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

బరువు కనీసం ఆరు నెలలు ఒకేచోట నిలకడగా ఉంటే గానీ చెయ్యమన్నారు. అంటే మీరు ఏడ్చే ఈ ఆగిపోవడం ఆ సర్జన్ దృష్టిలో కావలసిన అర్హత. నాకు కోత ఈ నడుము నుంచి ఆ నడుము దాకా ఉంది. పైపులు పెట్టి నీరు తీశారు. బిగుతు బెల్టు వారాల తరబడి వేసుకున్నాను. మొదటి పది రోజులు నిటారుగా నిలబడలేకపోయాను. మచ్చ జీవితాంతం ఉంటుంది, రంగు మాత్రం తేలికపడింది. నా పాలసీ దీనికి పైసా ఇవ్వలేదు. అందం కోసం చేసే సర్జరీ కింద లెక్క కట్టారు. మడతల కింద పుండ్లు పడుతుంటే ఆ కాగితాలన్నీ దాచుకోండి, వైద్యపరంగా అవసరమని డాక్టరు రాసిస్తే అడగడానికి పనికొస్తాయి.

చేయించుకున్నందుకు సంతోషమే. నడుస్తుంటే ఆ బరువు ఊగదు, ఎండాకాలం ఒరుసుకోదు. కానీ ఒక్క సంగతి. కట్టు విప్పిన నెలకు ఫోటో తీస్తుంటే అలవాటుగా వెళ్లి అందరి వెనక నిలబడ్డాను. పొట్ట పోయింది, వెనక నిలబడే మనిషి పోలేదు. ఆ తర్వాతే కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ చెప్పిన పని చిన్నదే. రోజూ స్నానం తర్వాత కొబ్బరినూనె రాసుకుంటూ, ఒంట్లో ఒక్కో భాగాన్ని చూసి అది ఆ రోజు ఏం చేసిందో మనసులో చెప్పుకోవాలి. ఈ చేతులు నీళ్ల బిందె మోశాయి. ఈ పొట్ట మా పాపను మోసింది. మొదటి వారం పొట్ట దగ్గరికి రాగానే ఏడుపొచ్చి ఆపేసేదాన్ని.

ఈలోగా మడతల కింద తడి లేకుండా మెత్తటి నూలుబట్టతో అద్ది ఆరబెట్టుకోండి. ఎర్రబడి దురద పెడితే చర్మం డాక్టరుకు చూపించండి, అది ఫంగస్ కావచ్చు. ఇది సిగ్గుపడాల్సిన విషయం కాదు. నేను ఆరు నెలలు సిగ్గుపడి పుండు చేసుకున్నాను.

---

పెరటి మందారం (డాలస్, బైపాస్, 3 ఏళ్లు)

నాకు ఒంటికన్నా అన్నం దగ్గర ఎక్కువ బాధ. ఇది ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను.

ఆపరేషన్ అయ్యాక మొదటిసారి ఇండియా వెళ్లినప్పుడు అమ్మ ముద్దపప్పు, ఆవకాయ కలిపి నోట్లో పెట్టింది. చిన్నప్పటి నుంచీ నేను వెళ్లిన మొదటి రోజు అదే పద్ధతి. మూడో ముద్దకు చాలన్నాను. నాలుగోది తినలేక వద్దంటే అమ్మ చెయ్యి అలాగే గాల్లో ఆగిపోయింది. ఆవిడ ఏమీ అనలేదు. గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ చెయ్యి నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. మన ఇళ్లలో ప్రేమంతా వడ్డించడంలోనే ఉంటుంది కదా. నా పొట్ట చిన్నదైతే ఆవిడ ప్రేమకు చోటు తగ్గినట్టయింది.

రెండోసారి వెళ్లినప్పుడు ముందే చెప్పాను, "అమ్మా, ఇక మూడు ముద్దలే పెట్టు, కానీ నువ్వే పెట్టు" అని. ఇప్పుడు ఆవిడ చిన్న చిన్న ముద్దలు చేస్తుంది, గోరుముద్దల్లాగా. తిన్నంతసేపూ మాట్లాడుకుంటాం. మనకు ఎలాగూ నెమ్మదిగా నమలాలి కదా, నీళ్లు కూడా అరగంట ఆగే తాగాలి. అదీ కలిసొచ్చింది.

బరువు సంగతికి వస్తే, నేను 84 దగ్గర ఏడాదిన్నరగా ఉన్నాను. ఇప్పుడు బరువు తగ్గడానికి వారానికొకసారి వేసుకునే ఇంజెక్షన్లు వచ్చాయి. ఇండియాలోనూ 2025లో మౌంజారో, ఆ తర్వాత వెగోవీ వచ్చాయి. ఆపరేషన్ అయ్యాక బరువు ఆగినవాళ్లకు, పెరిగినవాళ్లకు కూడా కొందరు డాక్టర్లు ఇస్తున్నారు. నేను అడిగాను. మా డాక్టరు, "నీ షుగర్, బీపీ, కాలేయం అన్నీ బాగున్నాయి, దేనికోసం?" అని ఎదురు ప్రశ్న వేశారు. నా దగ్గర సమాధానం లేక ఇంటికొచ్చాను. అవసరమైనవాళ్లకు అది మంచి మందే, మొహమాటపడకుండా అడగండి. నాకు కావాల్సింది మందు కాదని ఆ రోజు తెలిసింది.

---

వేదిక నిర్వహణ

ఇంజెక్షన్ల మోతాదులు, ఎక్కడ కొనాలి అనే ప్రశ్నలు ఈ చర్చలో వద్దు. మీ సర్జన్‌ను గానీ ఎండోక్రైనాలజిస్టును (హార్మోన్ల డాక్టరును) గానీ అడగండి. మిగతా చర్చ సాగనివ్వండి.

---

కుట్టుమిషన్ (తెనాలి)

నేను ఆపరేషన్ చేయించుకోలేదు. మా అక్క చేయించుకుంది, ఆమె కోసం ఇక్కడ చదువుతుంటాను. ఇరవై రెండేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను కాబట్టి ఆ ఒక్క సంగతి చెప్తాను.

అమ్మా, ఇవాళ ఉన్న కొలతకే కుట్టించుకోండి. రేపు తగ్గితే పక్క కుట్లు పట్టడానికి పది నిమిషాలు. బిగుతుగా కుట్టిన దాన్ని వదలాలంటే లోపల గుడ్డ ఉండాలి, పట్టు అయితే పాత కుట్టు గుర్తు కనిపిస్తుంది. జబ్బల దగ్గర వదులు చర్మం ఉన్నవాళ్లకు మోచేతి దాకా చేతులు పెట్టి, లోపల మెత్తటి లైనింగ్ వేస్తాను. చంక దగ్గర చిన్న ముక్క అతికితే చెయ్యి ఎత్తినా జాకెట్టు పైకి లేవదు. మీ టైలరమ్మకు చెప్పండి, ఆవిడకు అర్థమవుతుంది. ఆవిడ మీకు అడ్డం చెప్పింది వ్యాపారం కోసం కాదు. వేసుకోని జాకెట్టు కుట్టాలంటే మాకూ బాధగానే ఉంటుంది.

---

ఎర్రమట్టి దారి

మా ఇంటామెకు ఈ పోస్టు చదివి వినిపించాను. ఆమె ఒకటే అడిగింది, "నువ్వు 106 అయినప్పుడు నాకెందుకు చెప్పలేదు?" అని. నాలుగేళ్లలో మేం ఈ విషయం మాట్లాడుకోవడం ఇదే మొదటిసారి. రేపు డాక్టరు దగ్గరికి ఇద్దరం పోతున్నాం.

---

గోదారిగట్టు

(ఆరు వారాల తర్వాత)

పెళ్లి అయిపోయింది. ఎలా జరిగిందో చెప్తానని మనసులో మొక్కుకున్నాను, అందుకే వచ్చాను.

ముందు పరీక్షలు. థైరాయిడ్ బాగుంది. బీ12 168 వచ్చింది, బాగా తక్కువ. విటమిన్ మాత్రలు ఏడాదికే మానేశాను నేను, జీవితాంతం వేసుకోవాలని తెలిసీ. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. కాళ్ల తిమ్మిర్లు, ఆ నీరసం బరువు ఆగిపోయిన దిగులు వల్లనే అనుకున్నాను ఇన్నాళ్లూ. జంతికల బదులు సాయంత్రం ఉడికించిన శనగలు గానీ, గుడ్డు గానీ తింటున్నాను. మెషిన్‌ను ఆయన అటక మీద పెట్టేశారు. ఆదివారం ఆదివారం దించుతారు. నిన్నటికి 88.4. ఆ అంకె చూసి దించినంత మామూలుగానే మళ్లీ పైన పెట్టించాను.

జాకెట్టు ఉన్న కొలతకే కుట్టించాను. మోచేతి దాకా చేతులు, చంక దగ్గర ముక్క, అన్నీ కుట్టుమిషన్ గారు చెప్పినట్టే. ఆ ఆరింటిలో నాలుగు మా మరదలికి ఇచ్చేశాను. రెండు ఉంచుకున్నాను, ఎందుకో ఇంకా చెయ్యి రాలేదు. గాజులు కొనబోతే షాపులో అబ్బాయి నా చెయ్యి చూసి 2.6 తీశాడు. "కాదు బాబూ, నాది 2.10" అన్నాను. "వేసి చూడండి మేడమ్" అన్నాడు. సరిపోయాయి. సబ్బు రాయకుండా.

పెళ్లి రోజున మా మేనత్త మళ్లీ వచ్చింది. "ఇంకా తగ్గలేదేమే?" అంది. నేను పెద్దగా ఏమీ అనలేదు. "నా షుగర్ తగ్గింది అత్తా, నీ షుగర్ ఎంతుంది?" అని అడిగాను. వెటకారంగా కాదు, నిజంగానే అడిగాను. ఆవిడ పక్కన కూర్చుని అరగంట తన కాళ్ల మంటల గురించి చెప్పింది. ఆవిడకు 220 ఉంటోందట, ఇంట్లో ఎవరికీ చెప్పలేదట. వచ్చే వారం నేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను.

ఫోటోలు వచ్చాయి. నిజం చెప్పాలంటే మొదట నా జబ్బలే చూసుకున్నాను. రెండోసారి చూసినప్పుడు ఒక ఫోటో దగ్గర ఆగాను. తలంబ్రాల బియ్యానికి పసుపు కలపడానికి ఆడవాళ్లందరం చాప మీద కూర్చున్నాం. నేను ముందు వరసలో ఉన్నాను, బాసింపట్టు వేసుకుని. పన్నెండేళ్లుగా ఏ పెళ్లిలోనూ నేను కింద కూర్చోలేదు. గోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీ ఒకటి నాకోసం వేసేవారు. ఆ రోజు ఎవరూ వెయ్యలేదు, నేనూ అడగలేదు. పని అయ్యాక ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచాను. లేచాక గానీ ఆ సంగతి గుర్తు రాలేదు.

సంపంగి గారూ, నూనె రాసుకోవడం మొదలుపెట్టాను. పొట్ట దగ్గర ఇంకా కళ్లు మూసుకునే రాస్తున్నాను. మీకు ఎన్నాళ్లు పట్టింది?

---

సంపంగి

నాలుగు నెలలు. తొందరేమీ లేదమ్మా, కళ్లు మూసుకునే రాసుకోండి.